ఉడుకు మీద కట్టిన బస్తలు

"బాపమ్మా, మిషన్లకెల్లి దాణ గోలీలు వచ్చి గంటయితాంది. బస్తలకు ఎత్తుదామంటె కుప్పల చెయ్యి పెట్టి అట్లనే కూసున్నవ్, ఎందుకే?"

ఎందుకంటె... జర ఆగు బిడ్డా, చెప్త. ఫ్యాన్ గిటు తిప్పు, కుప్ప మీదికి. ఆఁ, గట్ల.

నేను ఈ ఇంటికి వచ్చిన కొత్తల దాణ గీణ ఎవలికెరుక? గొర్లంటె తిరిగి మేసేటియి. మీ తాత, ఆయన తమ్ముడు అయిలయ్య, గదే మీ చిన్నతాత, ఇద్దరు ఘన్‌పూర్ కాడికెల్లి తొర్రూరు దాక తోలుకపోయేది. పెంట పడ్తదని రైతులే పిలిచి చేన్ల మంద పెట్టిచ్చుకునేది, జొన్నలు కొలిచేది. మా పెండ్లప్పుడు ఇర్వై రూపాలకు గొర్రె వచ్చేది... కాదు కాదు, ముప్పై. ఏదో ఒకటి తియ్యి.

తర్వాత ఎటు చూసినా పత్తే. మందు కొట్టిన చేన్లకు గొర్లను ఎట్ల తోల్తవ్? గందుకే మీ నాయిన ఈ మిషన్ తెచ్చిండు. మక్కలు, తవుడు, పల్లి చెక్క పట్టిచ్చి పోస్తె గోలీలై పడ్తాంటె, మీ తాత చిన్నపోరని లెక్క చూసిండు. ఒకటి నోట్లె గూడ ఏసుకున్నడు!

గా యేడు వానకాలం, మొగులు పట్టింది. గోలీలు పొగలు కక్కుతానయి. "ఉడుకు మీద ఎత్తొద్దే, ఆరనీ" అన్నడు మీ తాత. నేను విన్ననా? నా నోరు నీకెరుకే గదా. "వాన తడిపినంక నీ తలకాయ ఆరబెడ్తవా, పట్టు బస్త" అని తిట్టిన. మూతులు నేనే కుట్టిన, ఈ చేతులతోని. ఆరు బస్తలు మనకు, నాలుగు అయిలయ్యకు.

లోపట చెమట పట్టి బూజొచ్చింది. పైన మంచిగనే ఉండె, అడుగున పచ్చగ బూజు. మనం చూసుకునేసరికే గొర్లు తిన్నయి. మనయి మూడు పోయినయి. అయిలయ్యయి అన్నీ సూడి గొర్లు బిడ్డా, నేడో రేపో ఈనేటియి. కడుపుల పిల్లలు సచ్చి పడ్డయి, ఎనుక నాలుగు తప్ప తల్లులన్నీ పోయినయి. పసుల దవాఖాన డాక్టర్ సాబ్ వచ్చి గోలీలు వాసన చూసి, "ఉడుకు మీద ఎవలు కట్టిండ్రు?" అని అడిగిండు.

ఇంత నోరున్నదాన్ని, నోరు తెరవలే. మీ తాతనే అన్నడు, "నేనే సార్, నేనే తొందరపడ్డ" అని.

అయిలయ్య మిగిలిన నాలుగు గొర్లు అమ్ముకొని కాజీపేటల వాచ్‌మన్‌గ చేరిండు. మళ్ల అన్న గడప తొక్కలే. మీ తాత పోయిన్నాడు వచ్చిండు గని, పిడికెడు మన్నేసి, మంచినీళ్లు గూడ ముట్టకుంట పోయిండు. మీ తాత సచ్చేదాక నన్ను ఒక్కమాట అనలే. తిట్టినా బాగుండు బిడ్డా. అనకుంట పోయిండు, గదే నా పానం తింటాంది.

ఎవ్వలికి చెప్పలే, నీకే చెప్తాన. మొన్న మీ నాయినతోని ఫోన్ చేపిచ్చి అయిలయ్యను రమ్మన్న. ఇయ్యాల పొద్దుమీకి వస్తనన్నడట. గీ కుప్ప కాడనే కూసోవెట్టి చెప్త, కట్టింది మీ అన్న కాదు, నేను అని. తిడ్తె తిట్టనీ. చాయకు పాలున్నయా? తాగుతడో, లేసిపోతడో...

అగో, అప్పుడే బస్త కుట్టే సుతిలి తాడు పట్టుకున్నవా? నీ కడుపు సల్లగుండ, జర ఆగు బిడ్డా. ఇటు రా, చెయ్యి పెట్టి చూడు. అడుగున ఇంక ఉడుకే ఉన్నది.