అప్పన్న పడవ మేర

కొల్లేటి లంక ఊరు. 1956. కోతలైన వారం. పడవ అప్పన్న వాకిట్లో వడ్ల రాశి దగ్గర, పొద్దున్నే.

"ఆ బుట్ట అక్కడ దింపకు మంగమ్మా. నీక్కాదూ చెప్పేది? మీ మేర నాకొద్దు."

"అదేంటి బాబాయ్! ఏటా కుంచం వడ్లు పోస్తే, ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా మీ పడవలో ఏలూరు చేరుస్తారు కదా. ఊరందరి దగ్గరా తీసుకున్నారు. మా కుంచమే చేదయిందా?"

"చేదని కాదమ్మా. ఇప్పుడు నాతో పనేముంది? మంగళవారం మంగళవారం సర్కారు మందుల పడవ వస్తోందాయె. ఏలూరులో పెద్దాసుపత్రి ఉందాయె. డాక్టరు ఊరికే, మందు ఊరికే, పడక ఊరికే."

"ఆ పడక దాకా చేర్చేదెవరండీ? రోగం మంగళవారం చూసుకుని వస్తుందా?"

"మాటలు బాగానే నేర్చావు. మీ ఆయన ఎలా ఉన్నాడు?"

"ఆయనకేం, బాగానే ఉన్నాడు. వడ్లు కొలుచుకోండి."

"జోగారావు అన్నం తింటున్నాడా?"

"తింటున్నాడండీ. కొలుచుకోండి ముందు."

"మొన్న రేవులో చూశాలే. నాలుగడుగులు వెయ్యడం, కూలబడ్డం. మళ్ళీ నాలుగడుగులు..."

"దగ్గండీ. ఉత్త దగ్గు. మిరియాల కషాయం పడుతోంది."

"ముప్పై ఏళ్ళుగా మోస్తున్నానమ్మా జనాన్ని. ఏది దగ్గో, ఏది కాదో..."

"అనకండి! మీకు దణ్ణం పెడతాను బాబాయ్, ఆ మాట అనకండి."

"అననులే. బుట్ట తీసుకెళ్ళు."

"సత్యానందం గారింట్లో అందరూ గుండ్రాళ్ళలా ఉన్నారు. వాళ్ళ దగ్గర తీసుకున్నారు. మా ఇంట్లో మనిషికి బాగోలేదని మా దగ్గర తీసుకోరా? ఇదెక్కడి న్యాయమండీ?"

"జబ్బు లేనివాళ్ళ గింజలతోనే కదమ్మా జబ్బు చేసినవాణ్ణి మోసేది. అయినా, బాగానే ఉన్నాడన్నావుగా ఇప్పుడే?"

"అదే... ముందు ముందు మాట అంటున్నా."

"చూడమ్మాయ్. పోయినేడు పేతురు తల్లి ప్రాణం పడవలోనే పోయింది. శవం దిగిన పడవ ఎవరెక్కుతారు చెప్పు? మూణ్ణెల్లు ఒడ్డున బోర్లించాను. ఆ మూణ్ణెల్లలోనే మరిడమ్మ కూతురికి పురుడు అడ్డం తిరిగింది. మరిడమ్మ ఈ వాకిట్లోనే కూలబడి గుండెలు బాదుకుంది. బోర్లించిన పడవ చూపించి ఊరుకున్నాను. తల్లీ బిడ్డా దక్కలేదు. నలభై ఇళ్ళకీ ఒక్కటే పడవ మంగమ్మా."

"ఆ నలభైలో మాదీ ఒకటి కదండీ. పదేళ్ళు పోశాం. ఒక్కనాడైనా మీ పడవెక్కామా?"

"ఎక్కలేదు. ఎక్కారని నేననను."

"మరి?"

"మేర తీసుకున్నాక పిలిస్తే కాదనకూడదు. అర్ధరాత్రయినా, వాన కురుస్తున్నా సరే. మా తాత నాటి కట్టుబాటు అది. అందుకే తీసుకోనంటున్నా."

"అంటే, తీసుకుంటే కాదనరు."

"కాదనను."

"పెద్దింట్లమ్మ తోడా?"

"అమ్మ తోడే. నన్ను విసిగించక... ఏయ్! ఆగు! ఏంటా పని మంగమ్మా! నా రాశిలో కుమ్మరించేశావేంటి!"

"కలిసిపోయాయి బాబాయ్. ఇంక ఏవి మావో, ఏవి సత్యానందం గారివో మీరే ఏరుకోండి."

"ఎంత పని చేశావే తల్లీ! ఎంత పని చేశావు!"

"అమ్మ తోడన్నారు."

"అన్నాను. అన్నాక చచ్చినట్టు మొయ్యాలిగా. గెడ తెస్తాను. వెళ్ళు, వెళ్ళి జోగారావుని రేవులోకి తీసుకురా."

"తీసుకురానక్కర్లేదండీ. ఇందాకే మా మరిదీ నేనూ మోసుకొచ్చి మీ పడవలో పడుకోబెట్టాం. అప్పుడు మూలుగుతున్నాడు. నేనిటు వస్తూ పిలిచాను. పలకలేదు బాబాయ్."