ఎడ్లకు చెప్పిన అరబ్బీ

బోథ్ దగ్గరి ఒక పత్తి చేను గట్టు. మామ హనుమండ్లుకు సద్ది తెచ్చిన కోమల గిన్నె చంకలోంచి దించలేదు. దించితే ఆయన తిండిలో పడి మాట దాటేస్తాడని ఆమెకు బాగా తెలుసు.

“ఎవలితోని మాట్లాడుతున్నవు మామా?”

“ఎవలితోని? ఎడ్లతోని.”

“ఎడ్లతోని అరబ్బీనా?”

“అరబ్బీ లేదు గిరబ్బీ లేదు. జర గిన్నె ఇయ్యి బిడ్డా, ఆకలైతుంది.”

“ఇస్త. ముందుగాల చెప్పు. ‘యా ఉమ్మీ’ అంటె ఏంది?”

“ఏమో.”

“ఏమోనా? ఎన్నో దినాల సంది గదే అంటున్నవు. ఎడ్లకు తెలుగే చెవికెక్కది, నీ అరబ్బీ ఎక్కుతదా?”

“కైలాసం నేర్పిండు. సౌదీ పోయొచ్చినోడు గదా, ఊకె కూసున్నప్పుడు నాలుగు మాటలు చెప్పిండు. తమాషకు.”

“తమాషకైతె నన్ను సూడంగనే నోరెందుకు మూసినవు?”

“కోడలి ముంగట సిగ్గు గాదా?”

“మొన్న ఆదిలాబాద్ ఎందుకు పోయినవు?”

“పురుగు మందుకు.”

“బోథ్‌ల దొరుకదా మందు?”

“ఆడ మంచిది దొరుకుతది.”

“మరి డబ్బ ఏది?”

“దొరుకలే.”

“మంచిది దొరుకుతదంటివి, దొరుకలే అంటివి. మందుకు పోయినోనివి గడ్డం గీకిచ్చుకొని ఫోటో దిగినవట. పాస్‌పోర్టుకట. మొండయ్య సూసిండు.”

“మొండయ్యకు వేరే పని లేదు.”

“అంటె నిజమే.”

“నేను నిజమన్ననా?”

“కాదని గూడ అనలే.”

“పోలీసు లెక్క అడుగుతవేంది కోమలా? గిన్నె ఇయ్యి.”

“ఇయ్య. నిప్పు లేంది పొగొస్తదా మామా? సిద్దిరాములును అడిగిన నేను. ఆయన గూడ కువైట్ల ఉండి వచ్చిండు గద. నీ నోట్ల ఇన్న మాటలు ఒక్కొక్కటి పట్టుకపోయి అడిగిన. ‘ఉమ్మీ’ అంటె అవ్వ, కన్నతల్లి. ‘ఇబ్నీ’ అంటె నా కొడుకు. ‘ఇబ్నిక్’ అంటె నీ కొడుకు.”

“అన్ని తెలిసి నన్నెందుకు అడిగినవు?”

“నువ్వు ఎంత దాస్తవో సూద్దామని. నా కొడుకు, నీ కొడుకు... ఎవలితోని మామా గీ లెక్క? ఎవని కొడుకు ముచ్చట?”

“బిడ్డా, జర నిమ్మళంగ—”

“నిమ్మళమా? సౌదీల ఉన్న నీ కొడుకు ఫోన్ల మొఖం సూపెట్టక ఎన్ని దినాలాయె? కెమెరా ఖరాబైందంటడు. ప్రణయ్ గాడు బాపును సూస్తనని ఏడ్వంగనే ఫోన్ పెట్టేస్తడు. నాకు సమజ్ కాదనుకున్నరా? ఆడ ఇంగొకతిని చేసుకున్నడు. దానికి కొడుకు పుట్టిండు. నువ్వు మనుమన్ని సూడ పోతున్నవు. అంతే గద?”

“రామ రామ! ఏం మాటనే అది?”

“మరి ఏం మాటనో నువ్వే చెప్పు.”

“గోపాల్ నాతోని ఒట్టేయిచ్చుకున్నడు.”

“ఏమని?”

“కోమలకు చెప్పొద్దని.”

“ఉన్నదన్నట్టే. పేరేంది దాని పేరు?”

“ఎవలు లేరు బిడ్డా.”

“నా ప్రణయ్ మీద చెయ్యేసి చెప్తవా?”

“వేస్త. వేసే చెప్త. ఎవలు లేరు. గోపాల్ జైల్ల ఉన్నడు.”

“జైల్లనా? ఎందుకు?”

“కూసో బిడ్డా. ట్యాంకర్ తోలంగ ఒగ పోరడు అడ్డమొచ్చిండట. ఆ జాగల్నే పోయిండు.”

“పోయిండా? ఎవలు? ఎవలు మామా?”

“ఆ పోరడు. మనోనికి దెబ్బ తాకలే.”

“ఇంగొకతి ఉన్నదన్నా బాగుండు గద మామా. తిట్టుకుంటైనా బతుకుదును. ఇప్పుడెట్ల?”

“సచ్చినోని ఇంటోళ్లు మాఫ్ జేస్తె ఇడుస్తరని వకీలు అన్నడట. తండ్రి లేడట ఆ పోరనికి, అవ్వ ఒక్కతే. వకీలు పోతె తలుపు తియ్యలేదట. కంపెనీ సారు పోతె తియ్యలేదట. ‘వాన్ని కన్నోళ్లు రావాలె, నడిమిట్ల మనిషి లేకుంట, నాకు తెలిసే మాటల అడగాలె’ అని లోపటికెల్లే అన్నదట. మీ అత్త బతికుంటె ఆమెనే పోతుండె. నేనే పోవాలె గద ఇగ.”

“అందుకేనా గీ ఎడ్లకు చెప్పుకుంట తిరుగుతున్నవు?”

“నోరు తిరుగుతలేదు బిడ్డా. ‘నీ కొడుకు’ అనేదాక మంచిగనే వస్త. ఆడ ఆగి, మళ్ల మొదటికెల్లి షురూ జేస్త.”

“మొత్తం ఏంది? మన మాటల చెప్పు.”

“‘అవ్వా, నా కొడుకు చేతుల నీ కొడుకు పోయిండు. నీ కాళ్లు మొక్కుత, వాన్ని మాఫ్ జెయ్యి.’ గంతే.”

“గంతేనా?”

“గంతే.”

“సద్ది తిను మామా, జల్ది తిను. తిని కైలాసం ఇంటికి నడు. ‘నా పెనిమిటి’ అనాలంటె వాళ్ల మాటల ఏమంటరో నాకు గూడ నేర్పుమందాం.”