ఎండ కాచిన నీళ్లు: లూర్దు మేరీ గారికి అభినందన

1991 ఆగస్టు 12, సోమవారం ఉదయం శ్రీమతి లూర్దు మేరీ గారు నక్కపల్లిలో స్టాఫ్ నర్సుగా విధుల్లో చేరారు. చేరిక పత్రం మీద సంతకం ఆరేలోపే ఒక కాన్పుకు చేయి సాయం అందించారు.

అక్కడ పదిహేనేళ్లు, ఆపై ఎస్. రాయవరంలో ఎనిమిదేళ్లు సేవలందించి, 2014లో హెడ్ నర్సుగా అనకాపల్లిలోని మన ప్రసూతి వార్డుకు వచ్చారు. సముద్రపు ఒడ్డు పల్లెల నుంచి చేపల బుట్ట దించి నేరుగా వచ్చే గర్భిణుల పేర్లే కాక, వారి అత్తల పేర్లు కూడా ఆమెకు గుర్తుండేవి. గొంతు పెంచకుండా వార్డును నడపవచ్చునని కొత్తగా చేరిన మేమంతా ఆమెను చూసే నేర్చుకున్నాం.

బాలింతల స్నానానికి వేడినీళ్లు కింది వంటషెడ్డు నుంచి ఇరవై రెండు మెట్లెక్కి రావలసి ఉండేది. ఈ జనవరిలో ఆయా దేముడమ్మ గారు మరిగే నీళ్ల బకెట్‌తో పదహారో మెట్టు మీద జారారు. నీళ్లు గోడవైపు ఒలికాయి గనుక ఆమె పాదం మాత్రమే కాలింది. అప్పుడే పసిబిడ్డను ఎత్తుకుని ఒక అమ్మమ్మ మెట్లు దిగుతోంది. ఆ బిడ్డకూ ఆ నీళ్లకూ మధ్య ఉన్నవి రెండే మెట్లు. ఆనాటి నుంచి బకెట్ చప్పుడు వినబడితే చాలు, లూర్దు మేరీ గారు చేతిలో పని వదిలి మెట్ల దగ్గరికి వచ్చేవారు. పదవీ విరమణకు పది నెలలే గడువు. ఆ బకెట్‌ను దేముడమ్మ గారి చేతిలోనే ఉంచి వెళ్లడానికి ఆమె మనసు ఒప్పలేదు.

వార్డు మేడ మీద ఎండకే నీళ్లు కాగే ఏర్పాటు చేయాలనుకున్నారు. అందుకు రెండు పాత ఫ్రిజ్‌ల వెనుక గొట్టాలను మెకానిక్ చేత ఊడదీయించి శుభ్రం చేయించారు. విరిగిన బీరువా చెక్కతో ఆ గొట్టాలకు పెట్టె, కిటికీ అద్దంతో దానికి మూత, టీవీ అట్టపెట్టెలోని థర్మోకోల్, పాత పరుపు దూది చుట్టిన డ్రమ్ము, అన్నీ ఇంటి నుంచే వచ్చాయి. “ఏటి మేరీ, ఇంట్లో ఏది కనబడకపోయినా ఇక మీ మేడ మీదే వెతుక్కోవాలా?” అన్నారు భర్త జయప్రకాశ్ గారు. “మీ రేడియో జోలికి రాలేదుగా, ఊరుకోండి” అన్నారావిడ. విరమణలోపు పనిచేసి చూపితేనే మేడ మీద ఉంచుతామని, లేకుంటే తీయించేస్తామని సూపరింటెండెంటు గారు చెప్పారు.

మొదటి ప్రయత్నం ఫలించలేదు. “అమ్మా, గొట్టం గుడగుడలాడతంది గానీ డ్రమ్ము సేపల అయిసుపెట్టిలాగుంది. కోనాం సేపలు పెట్టుకోవచ్చు!” అన్నారు దేముడమ్మ గారు.

లూర్దు మేరీ గారు నవ్వారే గాని, ఆ మధ్యాహ్నమంతా మేడ మీదే కూర్చున్నారు. వేడెక్కిన నీరు పైకే పోతుంది. ఆ నీరు చేరవలసిన డ్రమ్మేమో కింద ఉంది. కడగడానికి ఎవరూ నిచ్చెన ఎక్కకూడదని దాన్ని నేల మీద పెట్టించింది ఆమే. జాలిపడి చేసిన ఏర్పాటే నీటి దారికి అడ్డొచ్చింది. మర్నాడు అత్తగారి ఇనుప మంచాన్ని స్టాండుగా మార్పించి, డ్రమ్మును అద్దాల పెట్టెకన్నా ఎత్తున నిలిపించారు.

మూడో రోజు, కూతురి కాన్పుకు వచ్చిన చిన్నమ్మలు గారు స్నానాల గదిలో కుళాయి కింద చేయి పెట్టి చటుక్కున వెనక్కి తీసుకున్నారు.

“ఓలమ్మ! పొయ్యెక్కడెట్టేరు?”

దేముడమ్మ గారు కిటికీలోంచి సూర్యుణ్ని చూపారు. “అదిగో, ఆడుంది. కట్టిలడగదు.”

ఆ పూట లూర్దు మేరీ గారు పదహారో మెట్టు మీద కూర్చుని, ఎన్నాళ్లకో నింపాదిగా క్యారేజీ విప్పారు. మబ్బు రోజుల్లో వంటషెడ్డు తప్పదు. అప్పుడు బకెట్‌ను ఇద్దరు పట్టాలని, నీళ్లు సగమే ఉండాలని ఆమె రాసిపెట్టారు. నవంబరు నెలాఖరున అప్పగించిన వస్తువుల జాబితాలో బీరువా తాళాల తర్వాత ‘ఎండ పొయ్యి, ఒకటి’ అని ఉంది. సూపరింటెండెంటు గారు దాని పక్కన ‘ఉంచవలెను’ అని రాసి సంతకం చేశారు.

ముప్పై నాలుగేళ్లు తెల్లవారుతూనే చన్నీళ్లు గుమ్మరించుకుని డ్యూటీకి పరుగెత్తిన లూర్దు మేరీ గారికి ప్రభువు సంపూర్ణ ఆరోగ్యాన్ని, దీర్ఘాయుష్షును ప్రసాదించాలని మనసారా కోరుకుంటున్నాం. రెండో ఎండ పొయ్యిని వారి ఇంటి మేడ మీదే కట్టుకుని, ఏ బకెట్ చప్పుడుకూ చెవి ఒగ్గకుండా, తొందర లేకుండా వేడినీళ్ల స్నానం చేయాలి. ఆ ఒక్కదాని కోసం జయప్రకాశ్ గారు తమ రేడియోను కూడా వదులుకుంటానని మాట ఇచ్చారు.