తాళం చెవి ఎగోన్ జేబులో

ఫుట్‌బాల్ క్లబ్బుకు యాభై ఏళ్లు నిండుతున్నా చరిత్ర పుస్తకంలో మొదటి పేజీ ఇంకా ఖాళీగానే ఉంది. ఈ ఆడవాళ్ల జట్టును నిలబెట్టిందెవరో అక్కడ రాయాలి. అందుకే కార్యదర్శి సోల్వై ఆదివారం కాఫీకి పాతవాళ్లను పిలిచింది. ఎనభై రెండేళ్ల ఎగోన్ అందరికన్నా ముందొచ్చి కూర్చున్నాడు. ఒకప్పుడు ఆ మైదానానికి కాపలాదారు అతనే. ఆ పేజీలో తన పేరు చూసుకోవాలని అతని ఆశ.

"రాసుకో అమ్మాయ్. మొదటి మ్యాచికి గీతలు గీసింది నేనే."

నమ్మదగ్గ మాటే. సోల్వై రాసుకుంది.

"సగంలో సున్నం అయిపోయింది. ఆడవాళ్లకు గుప్పెడు సున్నం కూడా ఇవ్వనంది మగవాళ్ల జట్టు. నేనూరుకుంటానా? బేకరీకి పోయి రెండు బస్తాల పిండి భుజానేసుకొచ్చి, మిగతా గీతలు పిండితోనే లాగేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాన! పిండి పొంగింది. ఆట మొదలయ్యేసరికి మైదానం చుట్టూ మోకాలెత్తు రొట్టె. బంతి బయటికి పోతే ఒట్టు!"

"వెన్న కూడా పూశావా?" అంది టోవె. ఆ మొదటి జట్టు గోల్‌కీపర్. బంతి తగిలి వంకరపోయిన చిటికెనవేలు ఇప్పటికీ అలాగే ఉంది.

"నవ్వు టోవె, నవ్వు. నీకు బంతి పట్టడం నేర్పిందెవరు? సోల్వై, మా కాలపు గాలి నువ్వెక్కడ చూశావు, ఆవులు ఎగిరొచ్చి కంచెకు అతుక్కుపోయేవి. ఆ గాలిలో ఒకసారి నేనే తన్ని చూపించాను. బంతి గోలు దాటింది, చర్చి దాటింది, సముద్రం దాటి స్వీడన్‌లో పడింది. అది గోలేనని స్వీడన్ వాళ్లు ఉత్తరం కూడా రాశారు! బంతి తిరిగొచ్చింది, దాని కడుపు నిండా హెర్రింగ్ చేపలు."

"పచ్చివా, ఊరేసినవా?" అంది కేకు కోస్తున్న మరో పాత ఆటగత్తె బోడిల్.

"ఊరేసినవే! ఉల్లిపాయలతో సహా. అంతెందుకు, నేను లేకుండా అక్కడ ఒక్క మ్యాచీ జరగలేదు. ఆడవాళ్లను రానివ్వొద్దని కమిటీ హుకుం. గేటు తాళం చెవి నా జేబులో. అయినా ప్రతి ఆదివారం నేనే తీసేవాణ్ణి. ప్రతి గోలూ ఈ కళ్లతో చూశాను."

సోల్వై కలం ఆగింది. నవ్వించే అబద్ధం వల్ల ఎవరికీ చేటు లేదు. నమ్మించే అబద్ధం మాత్రం ఇంకొకరి పేరు తుడిచేసి ఆ చోట కూర్చుంటుంది.

టోవె సంచిలోంచి ఆ జట్టు పాత ఫొటో తీసి బల్ల మీద పెట్టింది. "ప్రతి గోలూ చూశావుగా. చివర్న తలగుడ్డ కట్టుకుని మొహం తిప్పుకుందే, అదెవరు?"

ఎగోన్ కళ్లజోడు పెట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. ఆ చుక్కల తలగుడ్డ సంతలో తాను కొన్నదే.

"ఎస్తర్," అన్నాడు. ఆరేళ్ల కిందట పోయిన భార్య.

"మా డిఫెన్స్‌లో ఎడమ పక్క ఆడింది తనే. భోజనం కాగానే నువ్వు సోఫా మీద వాలేవాడివి. నీ కోటు జేబులోంచి చెవి తీసుకొచ్చి మాకు గేటు తెరిచేది. ఆట అయ్యాక మళ్లీ జేబులో వేసేది. రెండేళ్లు."

"చర్చిలో పాటల సాధన అని వెళ్లేదే!"

"ఇంట్లో ఎప్పుడైనా పాడిందా?"

పాడలేదు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఎగోన్ కాఫీ ఒక గుక్క తాగి, గొంతు సవరించుకున్నాడు. "నాకు తెలుసు. నిద్ర నటించాను. గురక కూడా కావాలనే..."

"అలాగే రాయమంటారా?" అంది సోల్వై, కలం కాగితానికి ఆనించి.

అతను మళ్లీ ఫొటో చూశాడు.

"వద్దు. గేటు తెరిచింది ఎస్తర్ అని రాయి. నేను నిద్రపోయాననే రాయి."