ఎర్ర చిప్పు, నీలం చిప్పు

ఇనుప గనుల ఊరు కిరందుల్ బజార్లో గవర్రాజుది పాతికేళ్లనాటి కంప్యూటర్ రిపేరు కొట్టు. ఆ వారమే ఎదురుగా అద్దాల షోరూమ్ ఒకటి తెరిచి, నీలం డబ్బాల్లో వచ్చిన కొత్త ప్రాసెసర్లు వరసగా పేర్చారు. గవర్రాజు అమ్మేది పోటీ కంపెనీవాడి ఎర్ర డబ్బాలు. ఆ పొద్దున అప్పలనరసమ్మ టీకొట్టు బల్ల మీద గవర్రాజు పక్కన హిడ్మే కూర్చునుంది. తన ఊళ్లో ఆన్‌లైన్ ఫారాలు నింపే సెంటర్ ఆమెది, కొత్త కంప్యూటర్ కొనడానికొచ్చింది. ఆమె చూపు మాటిమాటికీ షోరూమ్ వైపు పోతుంటే గవర్రాజుకు ఒళ్లు మండి, గొంతు పెంచాడు.

“ఆ నీలం డబ్బా సంగతి నన్నడగండి! గని కాంటా ఆఫీసులో దాన్ని మొదట బిగించింది నేనే. ఆ వేడికి గదిలో ఎవడూ నిలబడలేకపోయాడు. పీకేసి ఎర్రది పెట్టాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? లారీ కాంటా ఎక్కకముందే తూకం చీటీ వచ్చేసింది!”

“ఎక్కకముందే?” అన్నాడు లారీ డ్రైవర్ మంగు.

“ఎల్లుండి రావాల్సిన లారీల చీటీలు కూడా వచ్చేశాయిరా! కొండలో ఇంకా తవ్వని రాయికి కూడా తూకం చెప్పేసింది. అది చెవినపడి నీలం కంపెనీ ఓనరు హెలికాప్టర్లో దిగాడు, వెనకాలే ఎర్ర కంపెనీవాడు. గవర్రాజు మావాడంటే మావాడని నా కొట్టు ముందే చొక్కాలు పట్టుకున్నారు. ఆగండెహె అని రెండు చిప్పులూ ఒకే బోర్డుకి బిగించా. ఇక చూస్కోండి, ఫ్యాన్ గాలికి మన కొండ మీది ఎర్రదుమ్మంతా లేచి పక్క జిల్లా బీజాపూర్లో పడింది! అక్కడ జనం మూడ్రోజులు గొడుగులేసుకుని తిరిగారు. అలాంటి నన్ను ఈ అద్దాల షాపు ఏం కదుపుతుంది?”

హిడ్మే గ్లాసు కింద పెట్టింది. “వాళ్లు గంత దూరంకెళ్లి నీ కొట్టుకొచ్చిండ్రు గదా అన్నా. మా ఊరు పన్నెండు కిలోమీటర్లే. మిషన్ ఆగిందని మూడుసార్లు ఫోన్ చేసిన. నువ్వెందుకు రాలే?”

మంగు పగలబడి నవ్వాడు. గవర్రాజుకు చెవులు వేడెక్కాయి. ఎందుకు వెళ్లలేదో అతనికి తెలుసు. ఆ మిషన్లో కాలిపోయింది తను గొప్పలు చెప్పి అంటగట్టిన ఎర్ర చిప్పే. వెళ్తే ఆ మాట ఒప్పుకోవాలి.

“పోయింది నేను పెట్టిందే హిడ్మే,” అన్నాడు ఎట్టకేలకు. వెంటనే లేచి చొక్కా దులుపుకున్నాడు. “ఇప్పుడే మీ ఊరొస్తా. నీలందే కావాలంటే వాడి దగ్గరే కొను. బిగించేది మాత్రం నేనే. ఊరికే!”