వేళ్లు మారవు

పాత అరెస్టు రికార్డు కొట్టేస్తేనే స్కూలు బస్సు తోలే ఉద్యోగం ఇస్తామన్నారు. అందుకే కౌంటీ కోర్టు కిటికీలోంచి లామార్ అర్జీ లోపలికి తోశాడు. గుమాస్తా కంప్యూటర్ వంక చూసి ముఖం చిట్లించింది.

"పేరు మీదే సార్, పుట్టినరోజూ మీదే. అరెస్టప్పుడు తీసిన వేలిముద్రలే, మీరు అర్జీ మీద వేసినవాటితో కలవడం లేదు."

"పందొమ్మిదేళ్ల నాటి మాటమ్మా. వేళ్లు అరిగిపోవూ?"

"అరుగుతాయేమో గానీ మారవు. ఎవరో పట్టుబడి మీ పేరు చెప్పాడు. ఎవరో తెలుసా?"

లామార్ కిటికీ దగ్గరికి వంగాడు.

"తెలిస్తే?"

"ఇక్కడ వాడి పేరు రాయండి. మీ మీంచి తీసేసి వాడి మీద పెడతాం."

"ఊరికే కొట్టేయకూడదా?"

"అరెస్టు జరిగింది కదా సార్! ఎవరో ఒకరి మీద ఉండాలిగా."

"వాడు పెరోల్ మీద వచ్చి నెల కాలేదు. ఇది తేలితే మళ్లీ లోపలికే."

"మరి మీ ఉద్యోగం?"

లామార్ అర్జీ వెనక్కి తీసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మా అమ్మ ఎప్పుడూ మా ఇద్దరి పేర్లూ తారుమారు చేసేదమ్మా. 'లామార్!' అని కేకేస్తే, తమ్ముడే ముందు పలికేవాడు."