సభలో పలకని పేరు

అఖిలకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే: తన భర్త పేరు పార్లమెంటులో పలికిన రోజే, పరాయి దేశంలో ఆయన్ను పట్టి ఉంచినవాళ్ళు ఆయన్ను లేకుండా చేస్తారని. ఆ రోజు రానే వచ్చింది. పన్నెండుకు ఇంకా ఇరవై నిమిషాలుంది. హైదరాబాద్ పాతబస్తీలోని హుస్సేనీ ఆలంలో ఆమె రెండు గదుల ఇంట్లో టీవీలో లోక్‌సభ నడుస్తోంది. మూడేళ్ళ బేబీ గచ్చు మీద గిన్నెలు పరుచుకుని ఆడుకుంటోంది. ఆ పేరు పలకవలసిన ఎంపీ దగ్గర ఢిల్లీలో పనిచేసే భరద్వాజ్‌కు అఖిల ఫోన్ చేసింది.

"వద్దంటున్న గదా సార్. ఇగ నన్నేం అడగకుండ్రి. ఆ పేరు పలకొద్దని ఎంపీ సార్‌కు చెప్పుండ్రి."

"అఖిల గారూ, ఒక్క నిమిషం. నెమ్మదిగా చెప్పండి. మొన్నటిదాకా మీరేగా అడగమన్నది?"

"మొన్న వేరు, ఇయ్యాల వేరు."

"ఇవాళ ఏమైంది?"

"ఏం కాలే."

"ఏం కాకపోతే ఇలా మాట మారుస్తారా?"

"పొద్దుగాల ఫోన్ వచ్చింది సార్. మా అత్త పెరుగు అమ్మనీకి కుండలు ఏసుకొని పురానాపూల్ పోయింది. నేను పిల్లకు పాలు కలుపుతున్న. ఏదో పే...ద్ద నంబరు. ఆయనే చేసిండేమో అనుకొని ఉరికొచ్చి ఎత్తిన. ఆయన కాదు."

"ఎవరు?"

"పేరు చెప్పలే. తెలుగే. మీ లెక్కనే మస్తు మర్యాదగ మాట్లాడిండు. తిడితే గింత భయం కాకపోవు. 'అమ్మా, మీ బాలనర్సింహ ఇన్నాళ్ళు ప్రాణాలతో ఉన్నాడంటే ఎవరి నోటా పడకుండా ఉన్నందుకే. ఇవాళ సభలో బాలనర్సింహ అన్న మాట వినిపిస్తే ఆయనకు రేపు లేదు' అన్నడు. పెట్టేసిండు."

"అంతేనా? ఇంకేం అనలేదా?"

"గంతే. మల్ల రెండుసార్లు ఇన్న."

"మళ్ళీ వినడమేంటి?"

"ఈ ఫోన్ల మాట్లాడిందంత దానంతట అదే రికార్డ్ అయితది సార్. పోయేముందు ఆయనే పెట్టిండు. 'నేను దూరం పోతున్న, బేబీ మాటలు నేర్సుకునేది నాకు దొరకది, జమ చేసి పెట్టు' అన్నడు."

"అది ఎవరికైనా పంపారా?"

"ఇంకా లేదు. నిజామాబాద్‌ల మా అక్క కళావతి ఉంటది, ఆమెకు పంపుదామనుకున్న."

"వద్దు. ఎవరికీ పంపకండి. నాక్కూడా పంపకండి. ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచండి."

"ఉంచుత. మరి సార్‌కు చెప్తరా?"

"చూడండమ్మా, మీరంత కంగారుపడితే నేనేం చెప్పను? పేరు పలికితేనే రక్షణ అని మీకు నచ్చజెప్పింది నేనే కదా."

"మీరే చెప్పిండ్రు. నేను కాదంటలేను. సర్కారు ఆ దేశంతోని దోస్తీ చేస్తది, గ్యాసు కొంటది, దండలేస్తది గని, మన కూలోళ్ళను పదకొండు నెలల సంది ఏ కేసు లేకుండ ఎందుకు లోపలేసిండ్రని అడగదంటిరి. సభల నిలబడి అడిగితే మంత్రి జవాబు చెప్పక తప్పదంటిరి. పేరు లేనోడు ఉత్త అంకె అంటిరి. నేను నమ్మిన."

"మరి?"

"అంకె అయినా మంచిదే సార్. అంకెను ఎవరు సంపరు."

"అలా మాట్లాడకూడదు."

"ఆయన చేసిన తప్పేంది? ఆడ కంపెనీల ట్యాంకు పేలి పక్కన పని చేసేటోళ్ళు ముగ్గురు సచ్చిపోతే ఫోటో తీసి వాళ్ళ ఇండ్లకు పంపిండు. కంపెనీ దాద్దామనుకున్నదాన్ని దాయనీయలే. గంతే గదా."

"ఆయన, ఆయన అంటారు. నెల రోజులనుంచి మాట్లాడుతున్నాం, ఒక్కసారైనా మీ అంతట మీరు పేరు పెట్టి అన్నారా?"

"మా అత్త ఊకోదు సార్. మొగని పేరు నోట్లకెల్లి అంటే ఆయుస్సు తగ్గుతదంటది. నవ్వకుండ్రి. ఈ ఫోన్ వచ్చినకాడికెల్లి నాకూ గట్లనే అనిపిస్తుంది. ఇంట్ల నేను అనంది, అంత పెద్ద సభల ఆ సార్ అంటే ఎట్ల?"

"నవ్వడం లేదమ్మా. సరే. మీకు ఇష్టం లేకపోతే సార్ పలకరు. నాది హామీ."

"గంత జల్దీ ఒప్పుకున్నరా?"

"మీ మంచికోసమే కదా మేమున్నది. అయితే ఒక చిన్న కాగితం కావాలి. 'మా కుటుంబమే వద్దన్నది, మాకు ఏ ఫిర్యాదూ లేదు' అని. రేపు ఎవరైనా ఎందుకు అడగలేదంటే చూపించడానికి. మా వివేక్ తెస్తున్నాడు, సంతకం పెట్టండి. అప్పుడే పురానాపూల్ దాటాడు, ఐదు నిమిషాల్లో మీ ఇంటి దగ్గరుంటాడు."

"ఫిర్యాదు లేదని ఎందుకు రాయాలె?"

"అది మామూలుగా రాసేదే. పట్టించుకోకండి."

"ఇంగ్లీష్‌ల ఉంటదా? నేను తొమ్మిదిల బడి మానేసిన సార్. కూడబలుక్కొని సదవాలె."

"చదవక్కర్లేదు, సంతకం చాలు. ఆ ఫోన్ కూడా వివేక్‌కే ఇచ్చేయండి. బెదిరింపు అందులో ఉంది కదా, భద్రంగా ఢిల్లీకి చేరుస్తాం."

"ఫోన్ ఇస్తే ఆయన చేస్తే ఎట్ల?"

"రెండు రోజులే."

"బేబీ, గిన్నె కొట్టకు బిడ్డ, సార్ మాట ఇనబడ్తలేదు. సార్, టీవీల ఐదో నంబరు ప్రశ్న నడుస్తుంది. మనది ఆరు గదా?"

"ఆరే. దాని గురించి ఫికర్ చేయకండి, మీ భాషలో చెప్పాలంటే."

"మంత్రి జవాబు కాగితం పొద్దుగాలనే మీ చేతికి వస్తదంటిరి. వచ్చిందా?"

"వచ్చింది. ఏముంది, పాత పాటే. ఆ దేశంతో నిరంతరం సంప్రదిస్తున్నారట. మానవ హక్కుల సంగతి తగిన స్థాయిలో ప్రస్తావించారట."

"తగిన స్థాయి అంటే?"

"చెవిలో చెప్పామని."

"జెర్ర గట్టిగ చెప్తే ఏమైతది?"

"గ్యాసు ఆగుతుంది. వచ్చే వారమే ఒప్పందం సంతకాలు. ఇవన్నీ మీకెందుకమ్మా."

"లోపలున్నోళ్ళ గురించి ఏం రాయలేదా?"

"పద్నాలుగు మంది నిర్బంధంలో ఉన్నారని ఒప్పుకున్నారు. వెనక పేర్లూ ఇచ్చారు."

"పేర్లు ఇచ్చిండ్రా? ఈ మాట ఇంతసేపు చెప్పరేంది సార్?"

"మీ ఆయన పేరు అందులో లేదు కాబట్టి. పొద్దున్నే చూశాను. బాలనర్సింహ అనేవాళ్ళు ఎవరూ లేరు. మీరు బాధపడతారని చెప్పలేదు. అందుకే అంటున్నా, ఇవాళ పేరెత్తినా మంత్రి 'అలాంటి మనిషి అక్కడ లేడు' అనేస్తాడు. ఆ కాగితం మీద సంతకం పెట్టేస్తే..."

"చదువుండ్రి."

"ఏంటి?"

"ఆ పేర్లు చదువుండ్రి. వాళ్ళకూ ఇండ్లల్ల ఆడోళ్ళు ఉంటరు గదా. నా చెవులతోని ఇంట."

"టైము లేదమ్మా."

"పద్నాలుగు పేర్లకు టైము లేదా సార్?"

"సరే, వినండి. పురుషోత్తం, ఫిట్టర్. వేణుగోపాల్, ఎలక్ట్రీషియన్. వైకుంఠం, క్రేన్ ఆపరేటర్. సాయికుమార్, వెల్డర్. తర్వాత..."

"ఆగుండ్రి."

"ఏమైంది?"

"ఆఖరుది మల్ల చదువుండ్రి. అంత చదువుండ్రి."

"సాయికుమార్. వెల్డర్. వయసు ఇరవై తొమ్మిది. సొంత ఊరు హైదరాబాద్. ఆరోగ్యంగా ఉన్నాడు. గత నెల మన అధికారి కలిశాడు. ఎందుకు?"

"గాయనే."

"ఎవరు?"

"గాయనే సార్, బేబీ నాయిన. ఉన్నడు. సర్కారే రాసిచ్చింది, పానం మంచిగున్నదని రాసిచ్చింది. బేబీ, ఇటు రాయే బిడ్డ, మీ నాయిన మంచిగున్నడంట. ఇటు రా."

"అఖిల గారూ, మీ ఆయన బాలనర్సింహ కదా? సార్ సభలో చదవడానికి నేను రాసిన చీటీ మీద అదే ఉంది."

"గది ఇంట్ల పిలిచే పేరు సార్, వాళ్ళ తాతది. బడిల ఏసిననాడు పంతులు ఇంకో పేరు రాసుకున్నడంట, గిప్పుడు మీరు చదివింది. ఆధార్ల అదే, పాస్‌పోర్టుల అదే. కంచన్‌బాగ్‌ల వెల్డింగ్ షాపుల పని చేసినప్పుడు గూడ అదే. మా అత్తకు ఆ పేరు నోరు తిరగది. మొన్న ఆదివారం మీరు చీటి రాసుకోనీకి ఫోన్ చేసి పేరడిగితే ఎత్తింది ఆమె గదా. ఆమెకొచ్చింది చెప్పింది."

"ఓహో."

"నేను ముందుగాల ఇచ్చిన అర్జీకి పాస్‌పోర్టు జిరాక్స్ గూడ పెట్టిన. మీరు చూడలేదా?"

"చాలా అర్జీలు వస్తాయమ్మా. అన్నీ విప్పి చూడలేం."

"పోనీ సార్. ఉన్నడని తెలిసింది, సాలు."

"చాలా సంతోషం. అయితే ఆ సంతకం..."

"సార్."

"చెప్పండి."

"మా అత్త ఆ పేరు చెప్పింది మీ ఒక్కరికే."

"ఊఁ."

"కంపెనీల ఎవ్వరికి తెల్వది. జైలోళ్ళకు తెల్వది. ఆ దేశంల ఒక్కని చెవుల గూడ పడలే. మా గల్లీ దాటినంక ఆ పేరు లేనే లేదు. సర్కారుకే తెల్వది, మీరే చదివిండ్రు."

"అఖిల గారూ, ఇప్పుడు అవన్నీ..."

"మరి పొద్దుగాల ఫోన్ చేసినాయనకు బాలనర్సింహ అని ఎవరు చెప్పిండ్రు సార్?"

"హలో? సరిగ్గా వినిపించడం లేదమ్మా."

"సార్, ఉన్నరా?"

"ఉన్నాను."

"నేను మీకు ఫోన్ చేసి పది నిమిషాలు కాలే. నేను వద్దంటనని నాకే పొద్దుగాల దాక తెల్వది. కాగితం అచ్చయ్యి, మనిషి చేతికొచ్చి, పురానాపూల్ ఎట్ల దాటింది?"

"మీ అత్తగారు ఇంటికొచ్చారా?"

"ఎందుకు?"

"ఊరికే. ఇంట్లో ఇంకెవరున్నారు?"

"ఆరో నంబరు పిలుస్తున్నరు సార్. టీవీల మీ సార్ పేరు పిలుస్తున్నరు."

"పిలవనివ్వండి."

"మల్ల పిలిచిండ్రు. కుర్చీ ఖాళీగున్నది. మీ సార్ సభకే రాలేదా?"

"ఒంట్లో బాగాలేదు."

"ఏడో నంబరుకు పోయిండ్రు. అయిపోయింది సార్. గంతేనా? నెల సంది నేను పడ్డ గోస, ఖాళీ కుర్చీయేనా?"

"చూడమ్మా. నీకు చిన్నపిల్ల ఉంది. జవాబులో మీ ఆయన బాగున్నాడని రాశారు. అది అలాగే ఉండాలంటే ఏం చేయాలో నీకు తెలుసు. తలుపు కొడుతున్న చప్పుడు నాక్కూడా వినిపిస్తోంది. వివేకే. వెళ్ళి తియ్యి."

"తీస్త సార్."

"ఫోన్ ఇచ్చెయ్యి."

"ఇస్త. ఒక్క మాట చెప్పి ఇస్త. మీరిప్పటిదాక మాట్లాడింది గూడ దీన్ల పడుతుంది గదా, అండ్ల ఇది లేకపోతే మంచిగుండదు."

"ఏంటది?"

"నా మొగని పేరు సాయికుమార్."

అఖిల పంపిన ఈ మాటల రికార్డింగు పన్నెండుకు నాలుగు నిమిషాల ముందు నిజామాబాద్‌లోని కళావతి ఫోన్‌కు చేరింది. ఆ తరువాత ఆమె ఎన్నిసార్లు చేసినా చెల్లెలి ఫోన్ మోగలేదు. కళావతి బస్సెక్కింది కానీ, వచ్చేసరికి పొద్దు వాలుతుంది. మీరు పాతబస్తీలో ఉంటే అంతదాకా ఆగకండి. హుస్సేనీ ఆలంలో పాలబూత్ పక్క సందు, మూడో ఇల్లు, ఆకుపచ్చ రేకు తలుపు. గట్టిగా తట్టండి. ఎవరు తీసినా, ఏం చెప్పినా, అఖిలనూ బేబీనీ కళ్ళారా చూశాకే వెనక్కి రండి.